మూడో వరస

ఎర్రమ్మ రెండో రోజు కూడా కోడలి చేతి టీ తాగలేదు.

గ్లాసు గడప మీదే చల్లారిపోయి మీగడ కట్టింది. ఒక చీమ వచ్చి అంచు చుట్టూ తిరిగింది. వనజ చూసింది గానీ గ్లాసు తీయలేదు. తీస్తే తప్పు ఒప్పుకున్నట్టు, తీయకపోతే మొండికేసినట్టు.

గోవిందు వసారాలో చినిగిన వల ముందేసుకుని కూర్చున్నాడు. శుక్రవారం. బారువ రేవులో పడవలన్నీ తెల్లారకముందే వేటకి వెళ్ళిపోయాయి. వీళ్ళ పడవ ఒక్కటే ఇసకలో ఉండిపోయింది. తల్లి పోనివ్వలేదు. ఇంటి కోడలు బతికున్న మనిషికి శోకం పెట్టాక ఆ ఇంటి మగాడు సముద్రం మీదికి ఎలా పోతాడన్నది ఎర్రమ్మ ప్రశ్న.

"నిన్నా ఇలాగే కూకున్నావు, ఇయ్యాలా ఇలాగే. రేపు కూడా ఇంతేనేటి మావా?" అంది వనజ.

గోవిందు తల ఎత్తలేదు. "అమ్మనడుగు."

"నాతో మాటాడదు కదా."

"నాతో మాత్రం మాటాడతందేటి. రేతిరి బువ్వ తినమని కుక్కకి సెప్పింది, నాకు ఇనబడేలాగ."

పెరట్లోంచి ఎర్రమ్మ గొంతు వచ్చింది. "కుక్కే నయం. ఎవులు పోయినారో సూసి మరీ ఏడుత్తాది."

వనజ పెరటి తలుపు దాకా వెళ్ళి ఆగింది. ఎర్రమ్మ ఎండబెట్టిన కవ్వళ్ళ చేపలు తిరగేస్తోంది. వీపు ఇటుంది.

"అత్తా, ఆ ముసిలమ్మే అడిగినాది. నాను ఒద్దన్నాను. రెండు వారాలు ఒద్దన్నాను."

"అడిగితే పాడీడమేనా? రేపు ఇసం అడుగుతాది. పోసేత్తావా?"

వనజ కింద పడిన ఒక చేప తీసి చాప మీద వేసింది.

"నలభయ్యేల్లు శోకం పెట్టినాను," అంది ఎర్రమ్మ చేపలతో చెబుతున్నట్టు. "కాలి బొటనేల్లు కట్టినాక నోరిప్పినాను తప్ప, ముందిప్పలేదు. నా కోడలు నాకన్నా గొప్పది. కాఫీ తాగే మనిషికి పెట్టింది."

ఆ తీరం పొడుగునా ఎక్కడ మనిషి పోయినా ఎర్రమ్మకి కబురొచ్చేది. ఆమె వెళ్ళి, జుట్టు విప్పుకుని, పోయిన మనిషి తల దగ్గర కూర్చుని మూడు వరసలు పాడేది. మొదటిది పుట్టింటి వరస. రెండోది మొగుడి వరస. మూడోది బిడ్డల వరస. ఆ మనిషి బతుకంతా ఆ మూడింట్లోకి వచ్చేసేది. ఆమెకి పాడే గొంతు పోయాక ఆ పని వనజకి వచ్చింది.

పలాసలోని ముసలివాళ్ళ ఆశ్రమానికి వనజ మొదట వెళ్ళింది ఎండుచేపలు అమ్మడానికి. బుట్ట దించుతూ ఏదో కూనిరాగం తీస్తే, అరుగు మీదున్న వాళ్ళంతా ఇటు తిరిగారు. అప్పట్నుంచి ప్రతి మంగళవారం కంజీర పట్టుకుని వెళ్ళి వలపాటలు, కోతపాటలు, ఊయలపాటలు పాడి వస్తోంది. అందరూ చప్పట్లు కొడతారు. బొడ్డమ్మ ఒక్కతే కొట్టేది కాదు.

బొడ్డమ్మది మందస అవతల జీడితోటల ఊరు. డెబ్బై దాటిన మనిషి. "ఇవన్నీ ఎవులైనా పాడతారు గుంటా," అంది ఒకరోజు. "మీ అత్త కాడ నేర్సినావట కదా, అది పాడు. నాకు పాడు. నాను పోనాక ఇక్కడ నాకు ఎవులు ఏడుత్తారు? ఆ వార్డెన్ మేడం ఫోన్లు సేసుకుంతాది. నువ్వు రేపు పాడినా నాకినబడదు. సెవులు పనిసేసినపుడే ఇంతాను."

మొన్న మంగళవారం వనజ కాదనలేకపోయింది. బొడ్డమ్మ మంచం మీద వెల్లకిలా పడుకుని, గొంతుదాకా దుప్పటి కప్పుకుని, కళ్ళు మూసుకుంది. వనజ పుట్టింటి వరస పాడింది. మొగుడి వరసా పాడింది. బొడ్డమ్మ తానే చెప్పిన మాటలే అవి. మొగుడికి కిడ్నీలు పోతే సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ మిషన్ దగ్గరికి తీసుకెళ్ళడం, సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసిన ఎడమచేతి మీద ఆమె అరచెయ్యి వేసి పడుకోవడం. 'లోపల తుమ్మెద తిరిగినట్టుండేది గుంటా. అది ఆగినపుడు ఇంట్లో అందరికన్నా నాకే ముందు తెలిసినాది.'  బిడ్డల వరస ఎత్తలేకపోయింది. ఏడాదిన్నరగా ఒక్కసారీ రాని కొడుకు గురించి ఏమని పాడాలో తెలియక అక్కడితో ఆపేసింది.

ఎవరో సెల్‌లో తీశారు. తెల్లారేసరికి అది మందస దాటిపోయింది. దుప్పటి కప్పుకున్న ముసలమ్మ, తల దగ్గర జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, ఊరిపేరు పెట్టి, ఇంటిపేరు పెట్టి శోకం. శోకం వింటే ఎవరికని అడుగుతారు గానీ, నిజంగా పోయిందా అని ఆ పక్క ఎవరూ అడగరు.

వాకిట్లో ఆటో ఆగింది.

దిగిన మనిషికి నలభై ఐదేళ్ళుంటాయి. తెల్లచొక్కా, మణికట్టు దాకా బొత్తాలు పెట్టిన చేతులు. వసారా మెట్టెక్కి, ఊపిరి అందక, స్తంభం పట్టుకుని ఆగాడు.

"వనజంటే నువ్వేనా సెల్లీ? నాను బొడ్డమ్మ కొడుకుని. మోహనకృష్ణ."

గోవిందు వల వదిలేసి లేచాడు. అతనికంటే ముందు ఎర్రమ్మ పెరట్లోంచి వచ్చి కోడలికి అడ్డంగా నిలబడింది.

"తిట్టడానికొస్తే నన్ను తిట్టు బాబూ. దానికి నేర్పినది నాను."

రెండు రోజుల తర్వాత తన గురించి అత్త నోట వచ్చిన మొదటి మంచిమాట అది. వనజకి ఏడుపొచ్చినంత పనైంది.

"తిట్టడానికి రాలేదమ్మా," అన్నాడు మోహనకృష్ణ. "తిట్టే ఓపిక కూడా నేదు."

వసారాలో కూలబడ్డాడు. వనజ చెంబుతో నీళ్ళిచ్చింది. అతను ఒక్క గుక్క నోట్లో పోసుకుని, కాసేపు అక్కడే ఉంచుకుని మింగి, చెంబు దూరంగా జరిపాడు.

ఇంత ఎండలో దాహంగా వచ్చిన మనిషి ఒక్క గుక్కతో చెంబు పక్కన పెట్టాడు. ఎండలో చొక్కా చేతులు మూసుకున్నాడు. ఊరూరా కిడ్నీ రోగులుండే ఉద్దానంలో పుట్టినవాళ్ళకి ఇంక చెప్పనక్కర్లేదు. వనజ అత్తవైపు చూసింది. అత్త అప్పటికే చూసేసింది.

"బుధవారం పొద్దున్న మా ఊల్లో మా పొయ్యి ఆర్పీసినారు," అన్నాడతను. "కుండలు పారేసినారు. బరంపురం నుంచి నా తోడబుట్టిన అప్ప గుండెలు బాదుకుంటా వచ్చీసినాది. అమ్మ అప్పకాడుందని ఊరికి సెప్పినాను కదా, ఆ అబద్ధం కూడా అప్పుడే బయటపడిపోనాది. నాను తలమీద నీల్లు పోసుకుని, సవాన్ని తేడానికి బండి మాటాడుకుని పలాస ఎల్లినాను. గేటుకాడ మేడం, మీ అమ్మగారు కాఫీ తాగుతున్నారండీ అన్నాది."

గోవిందు మొహం పక్కకి తిప్పుకున్నాడు. నవ్వొచ్చిందో ఏమో తెలియలేదు.

"లోపలికెల్లినాను. అమ్మ నా మొకం సూడలేదు. తల సూసింది. ఇంకా తడి ఆరలేదు. 'ఓహో, తానం సేసే వచ్చినావేటిరా' అన్నాది. అంతే. గోడవేపు తిరిగి పడుకున్నాది. బతికున్నపుడు రానోడు సచ్చానంటే వచ్చినాడని అందరికీ సెప్పినాదట. రెండు రోజులు మెతుకు ముట్టలేదు."

"ఏటంతాది మరి?" అంది ఎర్రమ్మ.

"రెండు వరసలు ఐనాయి, మూడోది బాకీ ఉంది, ఆ గుంటని పిలిపించండి. అది ఇన్నాకే తింతాను. ఇదే మాట."

 సముద్రం వినబడింది.

ఎర్రమ్మ అతనికి ఎదురుగా కూర్చుంది. "ఎన్నాల్లనుంచి బాబూ?"

ఆమె దేని గురించి అడుగుతోందో అతనికి అర్థమైంది. ఎడమచేతి చొక్కాని ఇంకా కిందికి లాక్కున్నాడు.

"ఏడాదిన్నర."

"మీయమ్మని ఆడ పెట్టి ఎన్నాల్లు?"

"ఏడాదిన్నర."

వనజ కిందికి చూసింది.

"నాన్న పోయినపుడు అమ్మ ఓ మాట అన్నాది," అన్నాడు మోహనకృష్ణ. "మావని సాగనంపినాను గానీ, కడుపున పుట్టినోడిని నావల్ల కాదు, ఈ రోగం నా కొడుకు గడప తొక్కితే ఆ రోజే నన్ను తీసుకుపో అని దేవుడికి సెప్పుకున్నాది. నాకు తెలిసిన నెలకే ఆడ దింపీసినాను. ఇంట్లో ఉంటే రెండు రోజుల్లో కనిపెట్టీదా? సోమవారం, బుధవారం, శుక్రవారం మిషన్‌కి ఆ గేటు ముందునుంచే పోతాను సెల్లీ. బస్సులో గేటు కనబడని పక్క కూకుంతాను. సూత్తే దిగీవాలనిపిత్తాది."

"మీ ఇంటామెకి తెలుసా?"

"తెలుసు. అత్తని ఎల్లగొట్టిన కోడలని ఊరంతా అంతంటే పడతాది."

అతను చేతులు జోడించబోయాడు. గోవిందు ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు.

"ఒక్కటే అడుగుతాను సెల్లీ. నువ్వొచ్చి పాడు. నన్ను తిట్టి పాడు. కొడుకు ఒగ్గీసినాడు, పెల్లాం మాటిన్నాడు, తల్లిని కుక్కని దింపినట్టు దింపీసినాడు, అలాగ పాడు. మా అమ్మకి కోపమొత్తాది. కోపమొచ్చిందంటే తింతాది. దెబ్బలాటకైనా బతుకుతాది. ఆవిడ నాకు తెలుసు."

 తొలిరోజు జుట్టు విప్పించినప్పుడు ఎర్రమ్మ వనజకి నేర్పింది పాట కాదు, ఒక కట్టుబాటు. శోకంలో తిట్టొచ్చు, పొగడొచ్చు, దేవుణ్ణైనా నిలదీయొచ్చు. అబద్ధం మాత్రం కలపకూడదు. కలిపితే పోయినవాళ్ళు దారిమధ్యలో ఆగి వెనక్కి చూస్తారు.

"అత్తా," అంది.

ఎర్రమ్మ చాలాసేపు ఇసకలో ఉన్న పడవవైపు చూసింది. ఆ తర్వాత చెయ్యి చాచి, గడప మీది గ్లాసు తీసుకుని, చల్లారిన టీ మీగడతో సహా ఒక్క గుక్కలో తాగేసింది.

"సగం పెట్టిన శోకం సగం కాలిన సవం లాంటిది. అలాగ ఒగ్గీకూడదు," అంది. "సీర మార్సుకో. నానూ వత్తాను."

"ఏటని పాడాలి అత్తా?"

"నోరు నీది. నన్నడగకు."

*

ముగ్గురూ ఆటోలో పలాస బయల్దేరారు. కాశీబుగ్గ దాటాక జీడిపిక్కలు కాలుస్తున్న వాసన కళ్ళు మండించింది. మోహనకృష్ణ దగ్గాడు. దగ్గు ఆగాక కూడా ఊపిరి గరగరమంటూనే ఉంది.

వార్డెన్ ఉమామహేశ్వరి గేటు దగ్గరే ఎదురొచ్చింది. సెల్‌ఫోన్లన్నీ ముందే గుంజుకుని ప్లాస్టిక్ బుట్టలో వేసి పెట్టింది.

"తలుపేసుకుని పాడమ్మా. మళ్ళీ ఇది బయటికెళితే నా ఉద్యోగం పోతుంది." గొంతు తగ్గించింది. "ఇంకో మాట. మిగతావాళ్ళు కూడా అడుగుతున్నారు. మాకెప్పుడు పాడుతుందని. వద్దంటే వినడం లేదు. పదకొండు మంది ఇప్పటికే వరస కట్టుకున్నారు, ఎవరి తర్వాత ఎవరో."

ఎర్రమ్మ ఆగి ఆమె మొహం చూసింది. "పదకొండు మందా?"

"తగవులు కూడా అయ్యాయండి. ముందు నాకంటే నాకని."

అరుగు మీద ముసలివాళ్ళు వనజని చూసి కాస్త సర్దుకుని కూర్చున్నారు. ప్రతి మంగళవారం లాగే చూశారు. ఒకాయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. వనజ వాళ్ళ మధ్యలోంచి తల దించుకుని నడిచింది.

గదిలో బొడ్డమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద అన్నం పళ్ళెం, మూత తీయకుండా ఉంది.

"మామ్మా, నాను. వనజని."

"తెలుసు. ఎండుసేపల వాసనొత్తంది." బొడ్డమ్మ తిరగలేదు. "ఇంకెవులు?"

"మా అత్త వచ్చినాది."

"మీ అత్తా?" గోడ వైపునుంచే చిన్న నవ్వు. "పెద్దమనిషే వచ్చినాదా. ఐతే నా సావు గొప్ప సావే. ఆడు?"

"ఉన్నాను అమ్మా," అన్నాడు మోహనకృష్ణ గుమ్మంలోంచి.

 బొడ్డమ్మ వెల్లకిలా తిరిగింది. కళ్ళు మూసే ఉన్నాయి. రెండు రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి. దుప్పటి తానే గొంతుదాకా లాక్కుంది.

"అలాగైతే ఎత్తు గుంటా. మధ్యలో ఆపకు ఈసారి."

వనజ మంచం తల దగ్గర నేల మీద కూర్చుంది. కొప్పు ముడి విప్పింది. జుట్టు వీపు మీదికి జారేసరికి ఎప్పటిలాగే ఒళ్ళు చల్లబడింది. ఎర్రమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె మొహంలో అవునని లేదు, కాదని లేదు.

వనజ లోపల రెండు పాటలు తిరుగుతున్నాయి. ఒకటి అబద్ధం. అది పాడితే ఈ తల్లి కొడుకుని తిట్టుకుంటూ నాలుగు మెతుకులు తింటుంది. రెండోది నిజం. అది పాడితే దేవుడికి ఎప్పుడో ఇచ్చిన మాట ఈ మంచం మీదే చెల్లించేస్తుంది.

"ఆడి సెయ్యేది?" అంది బొడ్డమ్మ. "బిడ్డల వరసలో కొడుకు సెయ్యి తల్లి సేతిలో ఎట్టాలి కదా. మీ అత్త నేర్పలేదేటి?"

నేర్పింది. ఆటోలో అంతసేపూ వనజకి అది గుర్తు రాలేదు. ఎర్రమ్మకి గుర్తుండే ఉంటుంది. గుర్తుండే వచ్చిందేమో.

మోహనకృష్ణ వచ్చి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కుడిచెయ్యి తల్లి చేతిలో పెట్టాడు. ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

వనజ కళ్ళు మూసుకుంది. గొంతు సవరించుకుంది.

"కొడుకో..." అని ఎత్తింది. ఆ ఒక్క మాట పొడుగ్గా సాగి గదంతా తిరిగింది. బయట అరుగు మీద మాటలు ఆగిపోయాయి.

బొడ్డమ్మ వేళ్ళు కొడుకు వేళ్ళని తడుముతున్నాయి. వేళ్ళు నీరు పట్టి లావుగా ఉన్నాయి. ఆమె బొటనవేలితో అతని చెయ్యి వెనకభాగం నొక్కింది. నొక్కినచోట పడిన గుంట అలాగే ఉండిపోయింది. వేలు తీసి, మళ్ళీ అక్కడే పెట్టి చూసింది.

"రెండోది కూడా ఇలా తే," అంది.

అతను కదల్లేదు.

"ఎడం సెయ్యిరా."

వనజ రాగం సన్నగిల్లింది. మోహనకృష్ణ వనజవైపు చూశాడు. పాడు, పాడు అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. కొడుకు ఒగ్గీసినాడు అని ఒక్క మాట. వనజ పెదవులు దాన్ని పట్టుకోడానికి కదిలాయి. మాట రాలేదు.

బొడ్డమ్మ కళ్ళు తెరవకుండానే పక్కకి ఒరిగి, అతని వెనకనుంచి ఆ చెయ్యి లాక్కుంది. చొక్కా బొత్తాం ఆమెకి విప్పడం రాలేదు. చొక్కా మీదనుంచే అరచెయ్యి ముంజేతి మీద వేసింది. అలా ఉంచేసింది.



ఆమె అరచేతి కింద ఏముందో వనజకి తెలుసు. రెండో వరసలో ఆ తుమ్మెదని తనే పాడింది.

బొడ్డమ్మ ఏడవలేదు. అరవలేదు. చాలాసేపు ఆ చెయ్యి మీద చెయ్యి ఉంచి, ఏదో దూరంగా వింటున్నట్టు పడుకుంది. తర్వాత కళ్ళు తెరిచి రెండు రోజుల్లో మొదటిసారి కొడుకు మొహంలోకి చూసింది. కళ్ళకింద ఉబ్బు చూసింది. గొంతుదగ్గర ఎగసిపడుతున్న ఊపిరి చూసింది.

"ఇయ్యాల శుక్కురారం," అంది. "మిషన్ రోజు కాదేటిరా?"

అతను తల దించుకున్నాడు.

"బుధవారం ఎల్లినావా?"

"బుధవారం... నువ్వు పోనావని కబురొచ్చినాది కదమ్మా."

"రెండు మానేసినావు."

"ఇప్పుడెల్తాను. నువ్వు తిన్నావంటే ఇప్పుడే ఎల్లిపోతాను."

మంచం పట్టె పట్టుకుని లేవబోయాడు. సగం లేచాడు.  మళ్ళీ నేలమీదికి జారి, మంచానికి ఆనుకుని, నోటితో గాలి అందుకోవడం మొదలుపెట్టాడు. ఎర్రమ్మ తలుపు తీసి ఉమామహేశ్వరిని పిలుస్తూ వరండాలోకి పరుగెత్తింది.

బొడ్డమ్మ దుప్పటి తోసేసి లేచి కూర్చుంది. కొడుకు తలని ఒక చేత్తో తన మోకాలికి ఆనించుకుంది. రెండో చెయ్యి అతని ముంజేతి మీదనుంచి తియ్యలేదు.

"గుంటా, జుట్టు ముడెట్టుకో," అంది.

వనజకి వెంటనే అర్థం కాలేదు.

"నా కొడుకున్న గదిలో జుట్టు ఇప్పుకుని కూకోకు తల్లీ. ముందు ముడెట్టుకో."

వనజ రెండు చేతులూ వెనక్కి పెట్టింది. ముడి జారిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది.